బ్రేకు మేడం రాణిగారి పాట

డ్రైవింగ్ స్కూలు కారులో టీచరు కూర్చునే వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆ బ్రేకు మీదే కాలు పెట్టుకుని కూర్చోబట్టి అందరూ ఆవిణ్ణి బ్రేకు మేడం అనేవారు. పక్కన స్టీరింగు పట్టుకున్నవాడు కారుని నేరుగా గోడ మీదికి తోలుతున్నా ఆవిడ గొంతు పెంచి ఎరగదు. "ఆ గోడ మనది కాదండీ, కొంచెం ఇటు రండి" అనేది. అప్పటికీ రాకపోతే బ్రేకు ఉండనే ఉంది.

భర్తకు పరుపుల కొట్టు. ఒక పాత హోటలు మూతపడుతోందని తెలిసి, అక్కడి పరుపులు కొనడానికి వెళ్ళిన మనిషి సాయంత్రానికి పరుపులతో పాటు ఒక పియానోని కూడా వ్యానులో వేసుకుని దిగాడు. కావాలని తెచ్చింది కాదు. పరుపులు మోస్తున్న మనుషులు ఆ ఊపులో దాన్ని కూడా ఎక్కించేశారు. వెనక్కి తీసుకోమంటే హోటలువాళ్ళు "మీకు దణ్ణం పెడతాం, ఉంచుకోండి" అన్నారట. దాన్ని ఇంటి వెనక పరుపులు నిలవచేసే గదిలో పెట్టారు. వేరే ఏ గది గుమ్మంలోనూ అది పట్టలేదు.

మేడం ఊరికే ఒక మెట్టు నొక్కి చూసింది. ఇంకొకటి నొక్కింది. ఆ తరవాత ఒక సంగీతం మాస్టారి దగ్గరికి వెళ్ళి, పడుతూ లేస్తూ వేళ్ళు పెట్టడం నేర్చుకుంది. కాళ్ళతో ఇబ్బందే లేకపోయింది. పియానో కింద కూడా మూడు పెడళ్ళే కాబట్టి ఎడం పక్కదాన్ని క్లచ్ అని పిలుస్తూ సుఖంగా నడిపేసింది.

పియానో ముందర వేసుకునే బల్లకి పైన మూత ఉంది. దాని లోపల ఒక పాట తాలూకు స్వరాల కాగితాలు దొరికాయి. మొదటి కాగితం లేదు. దాంతో ఆ పాట పేరేమిటో, పాడేది ఎవరో తెలిసే దారి లేకపోయింది. స్వరాల కింద మాటలైతే ఉన్నాయి గానీ అవి ఇంట్లో ఎవరికీ రాని భాషలో ఉన్నాయి. మాస్టారు కళ్ళజోడు సవరించుకుని చూసి, "ఇది మూడు వందల ఏళ్ళ కిందటి ఒపెరాలోదమ్మా. నాటకం మొత్తం పాటల్లోనే నడుస్తుంది చూడు, అలాంటిది. ఈ పాటలన్నీ ఒకే పద్ధతి. మొదట నెమ్మదిగా ఒక భాగం. మధ్యలో కొంచెం విసురు. ఆపైన మళ్ళీ మొదటికి వచ్చి అదే పాడాలి. అయితే రెండోసారి పాడేవాళ్ళు స్వరాలకి చిన్నచిన్న మెలికలు తిప్పుతూ వాళ్ళ సొంత సంగతులు వేసుకోవాలి, లేకపోతే జనం లేచిపోతారు" అన్నాడు. అంతకు మించి ఆయనకీ తెలియదు.

మేడానికి అంతకు మించి అక్కర్లేదు కూడా. ఎడమచెయ్యి వరండాలో పచార్లు చేసే మనిషిలా ఒకే నడకన నడుస్తుంటుంది. కుడిచెయ్యి చాలాసేపు ఊరుకుని, ఏదో చెప్పబోయి ఆగిన గొంతులా ఒకే ఒక్క స్వరాన్ని పట్టుకుని నిలబడుతుంది. కొంచెం ముందుకు వెళ్ళాక ఒక చోట రెండు స్వరాలు పక్కపక్కనే పడి ఒరుసుకుంటాయి. ఆ చోటు వచ్చేసరికి ఆవిడకి కళ్ళమ్మట నీళ్ళు ఆగేవి కావు. ఇది తప్పకుండా ఒక రాణి పాట అని ఆవిడ తీర్మానించుకుంది. సముద్రపు ఒడ్డున రాణి నిలబడి ఉంది. రాజుగారు ఎక్కిన ఓడ ఇంకా రాలేదు. మధ్యలో వచ్చే విసురు భాగం సముద్రాన్ని తిట్టడం. తిట్టి తిట్టి అలిసిపోయి రాణి మళ్ళీ మొదటికి వస్తుంది.

అలా ఏళ్ళు గడిచినా ఆవిడ రెండో పాట జోలికి పోలేదు. రోజూ కారు తాళాలు గోడకి తగిలించి, చేతులు కడుక్కుని, పరుపుల మధ్య సందు చేసుకుని వెళ్ళి అదే పాట వాయించేది. పరుపులు సగం శబ్దాన్ని మింగేసేవి. మిగతా సగం అత్తగారి వాటా. ఆవిడ మంచం ఆ గోడకి అవతల ఉండేది.

"ఏమ్మా, మీ రాణికి ఇంకా మొగుడు రాలేదా" అనేది అత్తగారు, భోజనాల దగ్గర.

"రాలేదత్తయ్యా."

"వస్తాడన్న నమ్మకం నాకైతే పోయింది. ఆ పిల్లకి ఇంకో సంబంధం చూడరాదూ?"

భర్త ఈ విషయంలో ఎటూ మాట్లాడేవాడు కాదు. పరుపులు అమ్మేవాడు కాబట్టి మెత్తగా ఉండటం ఆయన వృత్తిలో భాగమైపోయింది.

పాట ఇంట్లో ఉన్నంతకాలం గొడవ లేకపోయింది. అది కారెక్కడంతోనే కథ అడ్డం తిరిగింది.

ఆ మధ్య బేకరీ నడిపే ఒకాయన డ్రైవింగ్ నేర్చుకోవడానికి వచ్చాడు. నిలువెత్తు మనిషి, చేతులు రొట్టెల పొయ్యిలో పెట్టే పారల్లా ఉండేవి. ఊళ్ళో ఉన్న మిగతా డ్రైవింగ్ స్కూళ్ళన్నీ ఆయనకి నేర్పబోయి వదిలేశాయి. ఇంజను స్టార్టవగానే ఆయనకి చెమటలు పట్టేవి. గేరు మార్చమంటే కళ్ళు మూసుకునేవాడు.

"కళ్ళు తెరవండి" అనేది మేడం.

"తెరిస్తే రోడ్డు కనపడుతోంది మేడం. అదే భయంగా ఉంది."

బ్రేకు తొక్కీ తొక్కీ మేడానికి తల ప్రాణం తోకకి వచ్చింది. ఒకరోజు ఏమీ తోచక, తన గుండె దడ తగ్గించుకోవడానికి తనలో తనే ఆ పాటని కూనిరాగం తీయడం మొదలుపెట్టింది. బేకరీ ఆయన భుజాలు కిందికి దిగాయి. కళ్ళు తెరుచుకున్నాయి. పాటలో ఎడమచెయ్యి నడకకి సరిగ్గా కారు కూడా నడవసాగింది. ఒక్క కుదుపు లేకుండా మార్కెట్టు వీధి దాటి, పోస్టాఫీసు దాటి, మూలమలుపులో మెత్తగా తిరిగి వచ్చారు.

"అదేం మంత్రం మేడం?" అన్నాడు ఆయన, కారు ఆపి.

"మంత్రం కాదండీ, రాణిగారి పాట."

"రేపు కూడా ఆవిణ్ణి తీసుకురండి."

అప్పట్నుంచి మేడం అందరికీ పాటతోనే నేర్పింది. భయపడేవాళ్ళకి మొదటి భాగం, మరీ నత్తల్లా వెళ్ళేవాళ్ళకి మధ్య భాగం. నేర్చుకునేవాళ్ళు కూడా పాడుతూ నడపడం అలవాటు చేసుకున్నారు. మేడం మురిసిపోయింది. తన రాణి ఇంతమందికి పనికొస్తుందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు.

తరవాత ఒక ఉదయం లైసెన్సు ఇన్‌స్పెక్టరు నుంచి కబురొచ్చింది. ఇన్‌స్పెక్టరు సన్నగా, పొడుగ్గా, నిటారుగా ఉండే మనిషి. ఆయన కుర్చీలో వెనక్కి ఆనుకోగా చూసినవాళ్ళు లేరు. మేడం వెళ్ళి ఎదురుగా కూర్చుంది.

"మేడం, మీరు పంపించేవాళ్ళందరూ ఒకే జబ్బుతో వస్తున్నారు" అన్నాడాయన.

"ఏం జబ్బండీ?"

"కారు ఎక్కగానే ముక్కుతో ఏదో పాడతారు. సరే, పాడనీ అనుకున్నాను. సర్కిల్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం బయటికి పోవాల్సిన రోడ్డు ఎదురుగా ఉన్నా పోరు. మళ్ళీ మొదట్నుంచీ తిరుగుతారు. నిన్న ఆ బేకరీ ఆయన నన్ను ఆ సర్కిల్ చుట్టూ ఎన్నిసార్లు తిప్పాడో నాకే తెలీదు. నాకు కళ్ళు తిరిగాయి. ఎందుకు తిరుగుతున్నావయ్యా అంటే 'పాట మొదటికొచ్చింది సార్, నేనేం చేసేది' అన్నాడు."

మేడం నాలుక కరుచుకుంది. నేర్పేటప్పుడు సర్కిల్ దగ్గర పాట సరిగ్గా మధ్య భాగం ముగించి మొదటికి తిరిగే చోటుకి వచ్చేది. తను కూడా ఆ రాగంలో పడి ఇంకో చుట్టు తిప్పించేస్తోందని ఆవిడకి అప్పటిదాకా తట్టలేదు.

"పాడుతూ నడపకూడదని రూల్సులో లేదు" అన్నాడు ఇన్‌స్పెక్టరు, ఆ మాట అనడానికి బాధపడుతున్నట్టు. "కానీ ఇలా నేర్పే టీచరు అసలు సరిగ్గా నడుపుతోందా లేదా అని నేను చూడాలి. పదండి. మీరు నడపండి, నేను పక్కన కూర్చుంటాను. పాట మాత్రం వద్దు."

మేడం కారు తీసింది. పెదాలు బిగించుకుంది. ఏళ్ళ తరవాత స్టీరింగు వైపు కూర్చోవడం కొత్తగా ఉన్నా చేతులు మరిచిపోలేదు. మలుపులన్నీ అద్దంలా తిరిగింది. ఇన్‌స్పెక్టరు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. సర్కిల్ కనపడుతుండగా ఆ పక్కనుంచి సన్నగా ఒక శబ్దం మొదలైంది. మేడం ముందు అది ఫ్యాను బెల్టు అనుకుంది. కాదు, ఇన్‌స్పెక్టరు పాడుతున్నాడు.

ఇంతమంది అభ్యర్థుల పక్కన కూర్చుని విన్న పాట ఆ మనిషి ఒంట్లోకి ఎప్పుడు ఇంకిందో ఆయనకే తెలియదు. మేడం ఓర్చుకుంది. కానీ ఆ రెండు స్వరాలు ఒరుసుకునే చోటుకి వచ్చి, ఆయన పైస్వరాన్ని ముందే దించేసి, ఒరుసుకోనివ్వకుండా హాయిగా దాటిపోయాడు. ఆవిడ కారుని పక్కకి తీసి ఆపేసింది.

"ఏమైంది?" అన్నాడాయన.

"అది అలా కాదండీ."

"ఏది?"

"అక్కడ ఆ పైస్వరం దిగకూడదు. కింది స్వరం వచ్చి తగిలేదాకా ఆగాలి. తగిలాక, ఇంక తప్పదన్నట్టు దిగాలి." కింది స్వరం వచ్చే చోట స్టీరింగు మీద వేలితో తట్టి, మేడం పాడి చూపించింది.

ఇన్‌స్పెక్టరు చెవుల కొసలు ఎర్రబడ్డాయి. తను పాడుతున్నట్టు ఆయనకి అప్పుడే తెలిసింది. రోడ్డు వంకే చూస్తూ, "ఇంకోసారి చెప్పండి" అన్నాడు.

వెనక వాహనాలు హారన్లు కొడుతుంటే ఇద్దరూ కారులో కూర్చుని ఆ చోటుని సాధన చేశారు. టీచరుగా మేడం పాసైంది. సర్కిల్ దగ్గర మధ్య భాగం మాత్రమే పాడాలనీ, మొదటికి వెళ్ళకుండా రోడ్డు పట్టుకోవాలనీ ఒప్పందం కుదిరింది. బేకరీ ఆయనకి ఆ వారమే లైసెన్సు వచ్చింది. ఆ మధ్య భాగం కోపంది కావడంతో మేడం శిష్యులు సర్కిల్ దగ్గర హారను కాస్త ఎక్కువ కొడతారన్న పేరు మాత్రం మిగిలిపోయింది.

ఆ రోజు కారు దిగబోతూ ఇన్‌స్పెక్టరు అడిగాడు, "ఇంతకీ ఏం పాట అది?"

మేడం రాణి గురించి, ఓడ గురించి అంతా చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, "మా అక్కయ్య వయసులో ఉన్నప్పుడు ఒపెరా కంపెనీలో కోరస్ పాడేది. ఆ భాష కూడా వచ్చు. వింటే సంతోషిస్తుంది" అన్నాడు.

ఆదివారం ఇద్దరూ వచ్చారు. ఇన్‌స్పెక్టరు గారి అక్క తమ్ముడికి పూర్తిగా ఎదురు. పొట్టిగా, బొద్దుగా, కుర్చీ చూపించకముందే పరుపుల దొంతర మీద చేరగిలబడిపోయే మనిషి. కూర్చుని, "ఇదేదో బాగుందే, మా ఇంట్లో పరుపు రాయిలా ఉంటుంది" అంది. మేడం భర్త అక్కడికక్కడే ఆవిడకి దూది రకాల గురించి చెప్పడం మొదలుపెట్టాడు. అత్తగారు కూడా వచ్చి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుంది. గోడ అవతల్నుంచి వినీ వినీ విసుగెత్తిందనీ, ఇవాళ ఎదురుగా కూర్చుని వింటాననీ అంది.

మేడం వాయించింది. మొదటి భాగం అవ్వకముందే అక్కగారి భుజాలు కదలడం కంటి కొసన కనపడింది. ఏడుస్తోందనుకుని మేడం గుండె ఉప్పొంగింది. ఎడం పక్క పెడలు తొక్కి ఇంకా మెత్తగా వాయించింది. ముగించి చూస్తే అక్కగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాపుకోలేక అల్లాడుతోంది.

"ఏంటక్కా, మర్యాద లేకుండా" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"తప్పే, తప్పే. ఏమనుకోకమ్మాయ్. వాయించింది చాలా బాగుంది. కానీ నువ్వు ఇంత నెమ్మదిగా, ఇంత దిగులుగా వాయిస్తుంటే నాకు నవ్వు ఆగలేదు. ఈ పాట ఎవరిదో తెలుసా నీకు?"

"రాణిది."

"రాణెక్కడిది? సేనాపతిది. ఇంత పొట్ట ఉంటుంది వాడికి. యుద్ధం గెలిచి వచ్చి భోజనానికి కూర్చున్నాడు. బాతు ఇంకా కాలలేదు. దాని కోసం పాడుతున్నాడు. నేను వంటవాళ్ళ గుంపులో గరిటె పట్టుకుని వెనకాల నిలబడేదాన్ని."

మేడం భర్త దూది ముక్కని చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"బాతు" అంది మేడం.

"కాల్చిన బాతు. చూడు, ఇదిగో." అక్కగారు లేచి వచ్చి కాగితం మీద వేలు పెట్టి చదివింది. "'నా బంగారమా, ఇంకా రావేం? నీ కోసం కళ్ళు కాయలు కాచాయి. నీ వాసన ఒక్కటే వస్తోంది, నువ్వు రావు.' మధ్యలో వచ్చేది వంటవాణ్ణి తిట్టడం. తిట్టి తిట్టి నీరసం వచ్చి మళ్ళీ బాతు మీదికి వస్తాడు."

మేడం ఆ రెండు స్వరాలు ఒరుసుకునే చోట వేలు పెట్టి, మెల్లిగా అడిగింది. "ఇక్కడ ఏ మాట ఉందండీ?"

అక్కగారు కళ్ళు చికిలించి చూసింది. చెప్పాలా వద్దా అన్నట్టు తమ్ముడి వైపు తిరిగింది.

"చెప్పండి, పరవాలేదు" అంది మేడం.

"'రసం' అని ఉందమ్మా. కాలుతున్నప్పుడు బాతులోంచి కింద పళ్ళెంలోకి కారుతుందే, ఆ రసం."

వచ్చినవాళ్ళని మర్యాదగా సాగనంపి మేడం పియానో మూత వేసేసింది. మర్నాడు తియ్యలేదు. ఆ మర్నాడూ తియ్యలేదు. కారులో పాట ఆగిపోయింది. గుండె కోతకి గురైన రాణి అనుకుని తను ఏళ్ళ తరబడి కళ్ళనీళ్ళు పెట్టుకున్నది ఒక లావుపాటి మనిషి భోజనం ఆలస్యమైనందుకా అని తలుచుకున్నప్పుడల్లా ఆవిడకి సిగ్గుతో చచ్చినంత పనయ్యేది. అందులోనూ పళ్ళెంలోకి కారే రసం దగ్గర.

"పోనీలే, బాతు మాత్రం ప్రాణి కాదా" అన్నాడు భర్త, ఓదార్చబోయి. మేడం ఆయన వంక చూసిన చూపుకి వెళ్ళి పరుపులు సర్దుకున్నాడు.

కొన్నాళ్ళు పోయాక ఒక మధ్యాహ్నం అత్తగారు వంటింట్లోకి వచ్చి, పొయ్యి దగ్గర నిలబడ్డ కోడలి పక్కన పీట వేసుకుంది.

"ఏమ్మా, పాట మానేశావేం?"

"మీకు విసుగు కదత్తయ్యా. హాయిగా పడుకోండి."

"పడుకోవడానికే అడుగుతున్నాను. ఆ చప్పుడు లేకపోతే నాకు కునుకు పట్టడం లేదు." అత్తగారు పీట దగ్గరికి జరుపుకుంది. "నాకు ఒకటి చెప్పు. అది రాణి అయితే ఏడుపు గొప్పదీ, ఆకలేసిన మగాడైతే చులకనా?"

"బాతు కోసం ఏడవడం ఏంటత్తయ్యా, నవ్వుతారు."

"మీ మావగారు బతికున్నన్నాళ్ళూ నన్ను ఒక్క ముద్దుపేరుతో పిలవలేదు. బంగారమనీ అనలేదు, వెండనీ అనలేదు. కానీ రోజూ ఆ గుమ్మంలో నిలబడి, 'ఇంకా ఎంతసేపవుతుంది' అని అడిగేవారు. అంతా ఆ అడగడంలోనే ఉండేదమ్మాయ్. అంత దీనంగా, అంత ఆశగా నన్ను ఎవరూ ఏదీ అడగలేదు. అడుగుతున్నది కూర గురించేనని నాకూ తెలుసు. అయినా చెవులు అటే ఉండేవి. ఆలస్యంగా వండిన రోజులు కూడా ఉన్నాయి, ఇంకోసారి అడుగుతారని."

మేడం గరిటె పక్కన పెట్టింది. అత్తగారి మొహంలోకి చూసింది. ఆవిడ ఎన్నడూ ఇంత మాట్లాడిన మనిషి కాదు.

"మీ సేనాపతిది కూడా ఆ గొంతే" అంది అత్తగారు, లేస్తూ. "నేను మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నాను, సముద్రం దగ్గర నిలబడ్డ పిల్ల అలా పాడదని. అది వంటింటి గుమ్మంలో పాడే పాట."

కూర దింపి మేడం పరుపుల గదిలోకి వెళ్ళింది. పియానో మూత తీసింది. ఓడా సముద్రమూ రాకుండా జాగ్రత్తపడుతూ, పొట్ట నిమురుకుంటూ కూర్చున్న ఒక సేనాపతిని మనసులో పెట్టుకుని మొదలుపెట్టింది. మొదట్లో నవ్వొచ్చింది. ఎడమచెయ్యి పచార్లు ఇప్పుడు వంటింటి బయట పచార్లలా వినపడ్డాయి. ఆ తరవాత కుడిచెయ్యి ఆ ఒక్క స్వరాన్ని పట్టుకుని నిలబడింది. పాపం, వీడికి ఎంత ఆకలిగా ఉందో అనిపించింది ఆవిడకి. పైస్వరం మీద కింది స్వరం వచ్చి ఒరుసుకునేసరికి కళ్ళనీళ్ళు ఎప్పటిలాగే బొటబొటా రాలాయి. ముగించగానే విపరీతమైన ఆకలి కూడా వేసింది. ఇది మాత్రం కొత్త.

ఇన్‌స్పెక్టరు గారి అక్క మేడం మనసు నొప్పించానని బాధపడి, వేరే పాటల కాగితాలు ఒక సంచీ నిండా పట్టుకొచ్చింది. వాటిలో నిజం రాణులే ఉన్నారు. ఒకతెకి రాజ్యం పోయింది, ఒకతె విషం తాగబోతోంది, ఇంకొకతె మొగుడు ఇంకోదాన్ని చేసుకున్నాడు. మేడం మర్యాదకి ఒక్కొక్కటీ వాయించి చూసింది. అన్నీ బాగానే ఉన్నాయి. ఒక్క చుక్క కన్నీరు రాలేదు.

"పాపం, వాళ్ళ కష్టాలు వాళ్ళవి" అని సంచీ తిరిగి ఇచ్చేసింది.

"ఇంక బాతేనా?" అంది అక్కగారు.

"బాతేనండీ."

"అయితే పక్కకి జరుగు. నేను పాడతాను. వెనకాల గరిటె పట్టుకుని నిలబడి వినీ వినీ నాకు మొత్తం వచ్చు. ఒక్కరోజు కూడా ముందుకొచ్చి పాడనివ్వలేదు వాళ్ళు."

అలా ఆదివారాలు మొదలయ్యాయి. అక్కగారి గొంతు వయసుతో బొంగురుపోయింది గానీ సేనాపతికి అది బాగానే నప్పింది. ఇన్‌స్పెక్టరు నిటారుగా కూర్చుని కాగితాలు తిప్పేవాడు. బేకరీ ఆయన తన కారుని తనే నడుపుకుంటూ వచ్చి వెనక నిలబడి కళ్ళు తుడుచుకునేవాడు, బాతుని ఎంతసేపు కాల్చాలో తనకి తెలుసనీ, వంటవాళ్ళు తొందరపడకపోవడమే మంచిదనీ చెబుతూ. అత్తగారు కుర్చీలోనే నిద్రపోయేది.

ఒక ఆదివారం పాట మధ్య భాగం ముగిసి మొదటికి తిరిగింది. మేడానికి ఏమనిపించిందో, ఆ ఒక్క స్వరం చుట్టూ కుడిచేత్తో ఒక చిన్న మెలిక తిప్పింది. కాగితంలో లేనిది. ఇన్నేళ్ళలో ఆవిడ సొంతంగా వేసిన మొదటి సంగతి అది. అక్కగారు పాట ఆపేసి ఆవిడ వైపు తిరిగింది.

"ఇదెక్కడిది?"

"నాదేనండీ. బాగాలేదా?"

అక్కగారు ఆలోచించింది. "కొంచెం ఆకలి ఎక్కువైంది" అంది. "అయినా ఉంచు."